క్లారిటీ – తేట – ప్రసాదము : ఒక పదవిచారము

నల్లగొండ జిల్లాయందలి కట్టంగూర్ హైదరాబాదునుండి విజయవాడకు బోవు రాజమార్గముపై, నార్కట్‌పల్లి నకిరేకల్లుల నడుమ నున్నది. ఈ గ్రామనామముయొక్క రూపమే పదవిచారమునకు దగిన యుపోద్ఘాతము. దేశ్యపదములు ప్రాయికముగా అజంతములు. కావున తెలుగువాని నోట నిది కట్టంగూరు. కచేరీ వ్రాతలలో కట్టంగూర్ అని హలంతమైనది. నిజాము రాష్ట్రమున మొదట పారసీకమును, 19వ శతాబ్ది తుదిభాగమునుండి 1948 వఱకు ఉర్దూయును రాజభాషలై యుండుటచే ఇట్టి రూపములు నిలిచినవని తలంపవచ్చును. తరువాత ఇంగ్లీషు ప్రాబల్యము వచ్చినది. ఈ విధముగా దేశ్యము, సంస్కృతము, అరబ్బీ పారసీకములు, ఇంగ్లీషు అను నాలుగు పొరలు దక్షిణ తెలంగాణపు వాడుకలో ఒకదానిపై నొకటి పేరుకొని యున్నవి. ఈ నాలుగింటను ఒకే భావమును దెలుపు పదము లుండుట విశేషము. ఆ భావము స్పష్టత.

నేడు ఈ సీమలో, ఆ మాటకు వచ్చినచో తెలుగు దేశమంతటను, ఈ భావమునకు ‘క్లారిటీ’ యను ఇంగ్లీషు పదము వ్యాపించినది. ‘ఆ సంగతి క్లారిటీ లేదు’ అని రైతు పలుకును, ‘పాఠము క్లారిటీగా అర్థమైన’దని విద్యార్థి పలుకును, ‘మంత్రిగారు క్లారిటీ ఇచ్చి’రని వార్తాపత్రిక వ్రాయును. అన్యదేశ్యమైనంత మాత్రమున పదము త్యాజ్యము కాదు. పూర్వులు అరబ్బీ పారసీకములనుండి వందలకొలది మాటలు గ్రహించి తెలుగు చేసికొనిరి. అయినను ఒక క్రొత్త మాట ప్రవేశించునపుడు అది యేయే పాతమాటల తావు నాక్రమించుచున్నదో, ఆ మాటలతోడ నేయే భావభేదములు మఱుగుపడుచున్నవో విచారించుట పండితులకును, పాఠములు చెప్పువారికిని అవశ్యకర్తవ్యము. ఈ వ్యాసమున ఆ విచారమే చేయబడుచున్నది.

మొదట ఇంగ్లీషు పదముయొక్క పుట్టుక. ‘క్లారిటీ’కి మూలము లాటిను భాషయందలి ‘క్లారితాస్’. అది ‘క్లారుస్’ అను విశేషణమునుండి యేర్పడిన భావార్థకము. క్లారుస్ అను పదమునకు లాటినులో మూడర్థములు గలవు: గట్టిగా వినబడునది, కాంతి గలది, ప్రఖ్యాతమైనది. వీనిలో మొదటిది ధ్వనికి సంబంధించినదగుట గమనింపవలెను. వ్యుత్పత్తివేత్తలు ఈ పదమును పిలుచుట, చాటుట యను నర్థముగల ‘కలారే’ ధాతువుతో జేర్చుదురు. రోమకుల పురోహితులు ప్రతిమాసారంభమునందును తొలిదినమును జనులకు చాటుచుండిరి. చాటబడిన యాదినమునకు ‘కలెండే’ యని పేరు. దానినుండియే నేటి కాలెండరు వచ్చినది. కావున గోడను వ్రేలాడు కాలెండరును, నోట మెదలు క్లారిటీయును దాయాదులు. మన పెండ్లి బ్యాండుమేళములలో వినబడు క్లారినెట్ అను వాద్యము పేరును ఈ కుదురులోనిదే. అది మాత్రము మూలమునందలి ధ్వన్యర్థమును నేటికిని విడువలేదు.

చాటబడినది పదిమందికి దెలియును, దెలిసినది ప్రఖ్యాతమగును. రోమక సామ్రాజ్యమున శాసనసభాసభ్యులకు ‘క్లారిస్సిముస్’, అనగా మిక్కిలి ప్రఖ్యాతుడు, అను బిరుద ముండెను. చెవికి జెందిన గుణము కంటికిని సంక్రమించి ప్రకాశార్థము బలపడెను. క్రైస్తవుల లాటిను బైబిలునందు ‘క్లారిఫికారే’ యను క్రియ మహిమపఱచుట యను నర్థమున బ్రయుక్తమైనది. 14వ శతాబ్దిలో విక్లిఫు పరివారమువారు ఆ లాటిను గ్రంథమును ఇంగ్లీషు చేయునపుడు, కుమారుని మహిమపఱచుమను ప్రార్థనయందు ఆ క్రియనే యింగ్లీషు రూపమున నుంచిరి. నేడు ‘క్లారిఫై’ యనగా సందేహము దీర్చుట, నాడు మహిమపఱచుట.

ప్రాచీన ఫ్రెంచి భాషద్వారా ఇంగ్లీషులోనికి ‘క్లార్తే’ యను రూపమున వచ్చిన ఈ పదము, తరువాత లాటినును బట్టి క్లారిటీగా దిద్దబడినది. చిరకాలము దాని యర్థము కాంతి, వైభవము అనియే. 1755లో వెలువడిన జాన్సను నిఘంటువును దీనికి దీప్తి, కాంతి యను నర్థములనే చెప్పినది. వాక్యశైలికి సంబంధించిన గుణమును చెప్పవలసినపుడు ఆ శతాబ్దపు ఆలంకారికులు ‘పర్స్పిక్యూటీ’ యను వేఱొక పదమును వాడిరి. 1783లో ప్రకటితమైన హ్యూ బ్లెయిరు ఉపన్యాసములలో శైలికి బ్రధానగుణముగా చెప్పబడినది అదియే. కావున బుద్ధికిని వాక్యమునకును సంబంధించిన గుణముగా క్లారిటీ సర్వసామాన్యమగుట తరువాతి పరిణామము.

ఈ సందర్భమున ఇంగ్లీషునందలి రెండు తోడి పదములను స్మరింపవలెను. అవి సంస్కృతజ్ఞులకు ఆప్తబంధువులు. ‘పర్స్పిక్యూటీ’ యనునది లాటినులో చూచుట యను నర్థముగల ‘స్పెక్’ ధాతువునుండి పుట్టినది. ఆవలివఱకు చూపు సాగునది యని దాని భావము. సంస్కృతమున ‘స్పశ్’ ధాతువు దీనికి సోదరము. దానినుండియే ‘స్పష్టము’ వచ్చినది. ‘ల్యూసిడ్’ అను రెండవ పదము కాంతివాచకమైన ‘లుక్స్’ శబ్దమునకు సంబంధించినది. సంస్కృతమున ‘రుచ్’ ధాతువు దాని తోబుట్టువు. రుచి, రోచిస్సు మొదలగునవి ఆ సంతతి. అనగా స్పష్టము చూపునుబట్టియు, ల్యూసిడ్ వెలుగునుబట్టియు, క్లారిటీ చాటింపునుబట్టియు బుట్టినవి. ఇంగ్లీషులో ఈ మూటికిని వేఱువేఱు తావులు గలవు. తెలుగులోనికి మాత్రము మూడవది యొక్కటియే వచ్చి అన్ని తావులను ఆక్రమించుచున్నది.

ఇక దేశ్యపదములు. తెలుగున ఈ భావమునకు రెండు కుదుళ్లు గలవు. మొదటిది ‘తేఱు’. కలక నీరు కదలక నిలిచియుండగా మడ్డి అడుగునకు దిగి పైనీరు నిర్మలమగుట తేఱుట. ఊఱు ధాతువునుండి ఊట యైనట్లే, తేఱు ధాతువునుండి తేట యైనది. అరవమున ‘తేఱు’ అనగా తేటపడుట, నమ్మిక కలుగుట, కోలుకొనుట. తెలుగున కూడ నీరు తేఱుకొనును, మూర్ఛిల్లినవాడు తేఱుకొనును, దుఃఖమునందున్నవాడు కొన్నాళ్లకు తేఱుకొనును. మజ్జిగ కడవలో పైకి వచ్చు పలుచని నీరు మజ్జిగతేట. మన ఛందస్సునందు ఒక యుపజాతికి తేటగీతి యను పేరే యేర్పడినది. తుమ్మెద యను నర్థముగల తేటి శబ్దము వేఱు. దానితో దీనిని గలపరాదు.

రెండవ కుదురు ‘తెలి’. అరవమున ‘తెళి’, కన్నడమున ‘తిళి’ యనునవి దీని తోడివి. ఆ భాషలయందును నీరు నిర్మలమగుట, మనసునకు బోధపడుట అను రెండర్థములును గలవు. కన్నడిగులు తేటనీటిని తిళినీరందురు. 1961లో బరో, ఎమెనో పండితులు ప్రకటించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువునందు ఈ సజాతీయపదములు కూర్పబడినవి. తెలుగున ఈ కుదురు మిగుల విస్తరించినది. తెల్ల, తెలుపు అనునవి వర్ణమును జెప్పును. తెలియు, తెలుపు అను క్రియలు జ్ఞానమును జెప్పును. తెల్లవాఱుట రాత్రి గడచి వెలుగు వచ్చుట. తెలివి యనగా బుద్ధియు, స్మృతియు. ‘నాకు తెల్వది’ యని నల్లగొండ పామరుడు పలుకునపుడు అతడును ఈ కుదురునే తడవుచున్నాడు. ఇందు వెలుగు, నీరు, జ్ఞానము మూడును గలసియున్నవి. ఈ రెండు కుదుళ్లును ఒకచో గూడిన సమాసము తేటతెల్లము. పాఠము చెప్పునపుడు దీనికంటె నిండైన మాట వేఱొకటి యుండబోదు.

భాషానామమైన తెలుగు శబ్దమును గూడ కొందఱు ఈ ‘తెలి’ కుదురుతో ముడివెట్టిరి; కొందఱు త్రిలింగమునుండి సాధించిరి; మఱికొందఱు దక్షిణవాచకమైన ‘తెన్’ శబ్దముతో జేర్చిరి. అభిమానమునకు మొదటిది ఇంపుగా నుండును. కాని ఇంపు ప్రమాణము కాదు. కావున నిచ్చట దానిపై నేమియు గట్టబడలేదు.

సంస్కృతమునకు వచ్చినచో, ఆలంకారికులు ఈ భావమునకు ప్రధానముగా వాడిన పదము ప్రసాదము. ‘సద్’ ధాతువునకు కూర్చుండుట, కుదుటపడుట యని యర్థము. ప్రశబ్దము చేరి ప్రసన్నమగుట యనగా నీరు కుదుటపడి నిర్మలమగుట, మనసు శాంతించుట, పెద్దలు అనుగ్రహించుట. గుడిలో చేతికిచ్చు ప్రసాదమును, కావ్యమునందలి ప్రసాదమును ఒక్క పదమే. దండి చెప్పిన పది గుణములలో ప్రసాదము, అర్థవ్యక్తి యనునవి రెండును వేఱువేఱుగా నుండుట గమనింపదగినది. ప్రసిద్ధమైన యర్థము వినినంతనే తోచుట ప్రసాదము. అర్థమును పూరించుకొనుటకు వెలినుండి యేమియు దెచ్చుకొన నక్కఱలేకుండుట అర్థవ్యక్తి. మొదటిది పదములను గూర్చినది, రెండవది వాక్యముయొక్క సంపూర్ణతను గూర్చినది. తరువాత ఆనందవర్ధనాదులు గుణములను మూటికి కుదించినపుడు కూడ ప్రసాదమును విడువలేదు. మాధుర్యౌజస్సులకు కొన్ని రసములే తావులుకాగా, ప్రసాదము సర్వరససాధారణ మనిరి.

ఈ శాస్త్రవిచారము కట్టంగూరు సీమకు దూరమైనది కాదు. పూర్వపు నల్లగొండ జిల్లాలోని రాచకొండనుండి 14వ శతాబ్ది చివర రాజ్యమేలిన రేచర్ల సర్వజ్ఞ సింగభూపాలుడు సంస్కృతమున రసార్ణవసుధాకరమును రచించెను. నాట్యశాస్త్రవిషయమైన యాగ్రంథమున అతడు రీతులను కోమల, కఠిన, మిశ్రములని మూడుగా విభజించి గుణములను వివరించెను. రాతిగుట్టల నడుమ కోట గట్టుకొని యుద్ధములు చేసిన రాజు, కోమలమైన పదన్యాసమెట్టిదో, కఠినమైనదెట్టిదో విచారించుటకు తీరిక జేసికొనెను. ఇంతకు నూరేండ్లకు బైగా పూర్వమే, ఓరుగంటి రాజ్యకాలమున, పాలకురికి సోమనాథుడు శివకథలను ద్విపదలో గూర్చుచు జాను తెనుగును మెచ్చుకొనెను. నన్నెచోడుడును ఈ పదమును వాడెను. కన్నడమునందలి జాణ్ణుడితో పండితులు దీనిని బోల్చిరి. జాణ శబ్దమునకు మూలము ఎఱుకను దెలుపు ‘జ్ఞా’ ధాతువగుటచే, జాను తెనుగనగా కేవలము సులభమైన తెలుగు కాదు. నేర్పుతో సులభముచేయబడిన తెలుగు. సులభముగా గనబడుటకు వెనుక నెంత పనియున్నదో ఆ పదమే చెప్పుచున్నది.

ఇక తెలంగాణపు వాడుకలోని నాలుగవ పదము ‘సాఫు’. ‘సాఫ్‌గ చెప్పు’, ‘సాఫ్ సీదా మాట’ అనునవి యిచ్చట సామాన్యములు. ఇది అరబ్బీ పదము. ఆ భాషయందు దీని మూలధాతువునకు ద్రవము మడ్డి లేక నిర్మలమగుట యనియే యర్థము. ఇసుకనేలల అరబ్బులును, చెఱువుల తెలుగువారును ఒకే చూపుతో ఒకే భావమునకు పదము గల్పించుకొనిరి. రెండుచోట్లను నీరు విలువైనదే. యవనభాషలో స్పష్టమైనదానికి ‘సఫేస్’ అని పేరు; శైలికి ముఖ్యగుణము అదియే యని అరిస్తాతిలు చెప్పెను. సాఫు, సఫేస్ అను రెండును చెవికి పోలిక గలవైనను ఒకదానినుండి యొకటి వచ్చినవి కావు. ధ్వనిసామ్యమాత్రమున వ్యుత్పత్తి చెప్పుట పండితులకు గూడ దొరలు ప్రమాదము గనుక ఈ యుదాహరణ మిచ్చట జెప్పబడినది.

ఇంతవఱకు చెప్పినదానినుండి తేలు ముఖ్యాంశ మిది. తేట, ప్రసాదము, సాఫు అను మూడును నీటినుండి పుట్టినవి. క్లారిటీ మాత్రము చాటింపునుండి పుట్టినది. ఈ భేదము కేవలము నిఘంటువులలోని ముచ్చట కాదు; వాక్యములయందును గనబడుచున్నది. తేఱుట అకర్మకక్రియ: నీరు తనంత తాను తేఱును. తేర్చుట ప్రేరణము: దానికి కర్త యుండును, అతడు పటికయో, చిల్లగింజయో అరగదీసి కడవలో గలిపి, వేచియుండవలెను. రెండింటను కాలము కావలెను. మడ్డి అడుగునకు దిగవలెను. క్లారిటీ యట్లు కాదు. దానిని ‘ఇచ్చుట’ యనియే మన వాడుక. అధికారి క్లారిటీ యిచ్చును, జనులు పుచ్చుకొందురు. ఈ ప్రయోగమున ఆ పదము తెలియకయే తన పుట్టింటికి చేరినది: పైనున్నవాడు చాటును, క్రిందివారు విందురు. చాటిన మాట స్పష్టముగా వినబడవచ్చును. విన్నవాని మనసులోని కలక తేఱినదా లేదా యను ప్రశ్న అచ్చట లేదు.

ఒక యుదాహరణము. భూమి విషయమున ‘క్లారిటీ లేదు’ అని రైతు చెప్పినాడనుకొందము. పహాణీలో పేరు తప్పు పడినదా, పొలము హద్దు తేలలేదా, వారసుల నడుమ భాగము తెగలేదా, అధికారి యుత్తరువు అర్థము కాలేదా? మొదటిదానికి దిద్దుబాటు కావలెను, రెండవదానికి కొలత, మూడవదానికి తీర్పు, నాల్గవదానికి వివరణము. వేఱువేఱు రోగములకు నొకే పేరు పెట్టినచో మందు తెలియదు. ఎవరిని అడుగవలెనో తెలియదు. హద్దు తేలలేదు, పేరు సరిగా లేదు, ఉత్తరువు బోధపడలేదు అని చెప్పుటకు తెలుగున మాటలు గలవు. ఒక్క పదముతో నన్నిటిని గప్పుటచే నష్టపడువాడు భాషాభిమాని కాదు, ఆ రైతే.

దీనికి స్పష్టత యను సంస్కృతసమమును నిలిపినంతనే లోపము తీరునని తలంపరాదు. క్లారిటీ యున్న తావులనెల్ల స్పష్టతతో నింపినచో పదము మాఱును గాని యలవాటు మాఱదు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉర్దూ బోధనాభాషగా నుండెను. అందులకై అనువాదశాఖ యొకటి యేర్పడి, అరబ్బీ పారసీకములనుండి శాస్త్రపరిభాష నిర్మించినది. శ్రమ మెచ్చదగినదే, కాని ఇంట తెలుగు పలుకు విద్యార్థికి ఇంగ్లీషు మాట యెంత దూరమో, ఆ క్రొత్త మాటయు నంతే దూరమైనది. పరిభాష చేసినవానికి తేటగా నున్నది చదువువానికి తేటగా నుండునన్న నియమము లేదు. ఆంధ్రదేశమున 1911 తరువాత గ్రాంథిక వ్యావహారికవాదములు చెలరేగినపుడు రెండు పక్షములవారును స్పష్టతనే తమ ప్రమాణముగా జెప్పిరి. పదరూపములు స్థిరముగా నున్ననే యర్థము నిలుచునని జయంతి రామయ్యపంతులుగారి పక్షము. శిష్టుల నోట నున్న భాషయే యర్థమును సూటిగా జేర్చునని గిడుగు రామమూర్తిపంతులుగారి పక్షము. ఒకరు నిలుకడను, ఒకరు అందుబాటును కోరిరి. రెండును తేటకు కావలసినవే. వివాదము చిరకాలము సాగుటకు, ఒకే పేరుతో రెండు వస్తువులు కోరబడుటయు నొక హేతువు.

మనుస్మృతి యాఱవ యధ్యాయమున నొక దృష్టాంతము గలదు. కతకఫలము నీటిని ప్రసన్నము చేయునదే యైనను, దాని పేరు పలికినంతమాత్రమున నీరు ప్రసన్నము కాదని దాని తాత్పర్యము. కతకమే తెలుగున చిల్లగింజ. ఇండుపగింజ యనియు నందురు. అరవమున దాని పేరు తేఱ్ఱాంకొట్టై. తేర్చు గింజ యని యర్థము. బాహ్యచిహ్నము ధర్మమునకు కారణము కాదని చెప్పుటకై స్మృతికర్త తెచ్చిన ఈ దృష్టాంతము మన విషయమునకును వర్తించును: క్లారిటీ యన్నను, స్పష్టత యన్నను పేరుచేత కలక పోదు.

ఇంకొక యడుగు ముందునకు వేయవలసియున్నది. తేటయైనదెల్ల శుద్ధమైనదా? ఈ ప్రశ్నకు నల్లగొండ జిల్లా యిచ్చిన సమాధానము లోకమునకెల్ల దెలిసినది. ఇచ్చటి రాతినేలలయందలి బావుల నీరు పెక్కుతావుల చూపునకు నిర్మలము. కాని ఆ నీటిలో గరగియున్న ఫ్లోరైడు కంటికి గనబడదు. అది పెరిగినకొలది పండ్లు గారపట్టును. ఏండ్లు గడచినకొలది ఎముకలు బిగిసి నడుము వంగిపోవును. 1955లో సిద్దిఖీయను వైద్యుడు ఈ జిల్లాలోని యావ్యాధినిగూర్చి బ్రిటిషు వైద్యపత్రికలో వ్రాసెను. త్రాగునీట ఫ్లోరైడు లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచారోగ్యసంస్థ హద్దు పెట్టినది. ఆ హద్దు దాటిన నీటిని బాగుచేయుటకు నాగపురమునందలి జాతీయ పర్యావరణ పరిశోధనసంస్థవారు 1970 తరువాత నొక పద్ధతి గల్పించిరి. దానికి నల్లగొండ పద్ధతియనియే పేరు. అందు నీటికి సున్నము, పటిక, బ్లీచింగుపొడి చేర్చి బాగుగా కలచెదరు. తెల్లని తునకలు గట్టి, ఫ్లోరైడును దమలో నిముడ్చుకొని అడుగునకు దిగును. అపుడు పైనీటిని గ్రహింతురు.

అనగా, అంతకుముందే తేటగా నున్న నీటిని బుద్ధిపూర్వకముగా కలచి, మరల తేర్చుట. మొదటి తేట కంటికి. రెండవ తేట దేహమునకు. పండితకార్యమునకు దీనికంటె దగిన యుపమానము దొరకదు. ఒక శాసనపాఠము చదువగనే యర్థము తోచును. ఒక పదమునకు వ్యుత్పత్తి వినినంతనే రుచించును. ఒక చరిత్రవాక్యము తడబాటు లేక సాగిపోవును. ఇవన్నియు మొదటి తేటలు. ప్రతులతో బోల్చి, ప్రయోగములు వెదకి, ప్రతికూలసాక్ష్యములు చేర్చి వానిని కలచినపుడే లోన గరగియున్న దోషము గడ్డకట్టి క్రిందికి దిగును. కలచుటకు వెఱచువాడు తేటనే త్రాగుచుండును గాని ఆరోగ్యమును బొందడు.

కావున పాఠశాలా పండితులు ‘క్లారిటీ’ యను మాటను బాలుర నోటనుండి తొలగింపవలెనని ఈ వ్యాసాభిప్రాయము కాదు. బాలుడు ‘క్లారిటీ లేదు’ అన్నపుడు, ఏది లేదని మఱల నడిగిన చాలును. మాట వినబడలేదా? అది స్పష్టము కాలేదు. పదము తెలియలేదా? అది ప్రసాదలోపము. వాక్యము సగమే తోచినదా? అది అర్థవ్యక్తిలోపము. అన్నియు తెలిసియు మనసు ఒప్పుకొనలేదా? అది ఇంకను తేఱలేదు, దానికి కాలమీయవలెను. ఈ నాలుగు ప్రశ్నలును వేయుటకు వలసిన పదములు ఎక్కడనుండియో తెచ్చుకొననక్కఱలేదు. అవి కట్టంగూరు బావిగట్టుననే యున్నవి.